రెండు నిమిషాలు

డిసెంబరు. తెల్లవారుజాము నాలుగున్నర.
బసవనగుడి ఇంకా దుప్పటి తీయలేదు.
బేస్‌మెంట్‌లో తాళం తిప్పితే
ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని
లేచింది నా పదిహేనేళ్ల ఆక్టేవియా.

జేసీ రోడ్డులో జబీఉల్లా దానికి
పెద్ద టర్బో పెట్టాడు,
సన్న గొట్టాలు పీకి లావువి బిగించాడు,
దాని బుర్రలో రాతని లాప్‌టాప్‌తో చెరిపి మళ్లీ రాశాడు.
రెండేళ్ల బోనసు అందులోనే పోయింది.
తాళాలిస్తూ చెప్పాడు:
"లేవగానే పరిగెత్తించకండి సార్, నూనె వేడెక్కనీండి.
ఆగగానే ఆర్పేయకండి. రెండు నిమిషాలు.
మిగతాదంతా మీ ఇష్టం."

అందుకే హెబ్బాళ దాకా
రిటైరైన గుమాస్తాలా నడిపాను.
నూనె ముల్లు ఎనభై తాకింది.
అప్పుడు అడిగాను.

అడగడానికీ జవాబుకీ మధ్య
చిన్న ఖాళీ ఉంటుంది టర్బోకి.
తను వదిలేసిన పొగే చక్రం తిప్పాలి,
చక్రం గాలిని మింగాలి,
అప్పుడు గాని మాట పెగలదు.
నాకున్న పిచ్చంతా ఆ ఖాళీ మీదే.
తర్వాత వచ్చేది వట్టి వేగం.

చలిగాలి చిక్కన, గడ్డపెరుగంత.
వేసవిలో ఇదే రోడ్డు మీద నీరసించే బండి
ముద్దముద్దకీ బలం పుంజుకుంటోంది.
వీపు సీటుకి అతుక్కుంది.
టైర్లకి మాత్రం ఇంకా తెల్లారలేదు.
సాదహళ్లి దగ్గర తోక ఒక్కసారి జారి
నా నోట్లో తడారిపోయింది.

దేవనహళ్లి దాటి విజయపుర దారి పట్టానో లేదో
మంచు.
మంచు కాదు, గోడ.
పెద్ద లైటు వేస్తే
నా వెలుగే తిరిగొచ్చి నా మొహాన కొట్టింది.
తగ్గించాను. మూడో గేరు. రెండో గేరు.
రెండువందల నలభై గుర్రాలు
ఒకే ఒక్క ఎర్రలైటు వెనక
గంటకి పద్దెనిమిది కిలోమీటర్లు.

ముప్పావుగంట ఆ ఒంటికన్నే నాకు రోడ్డు.
అది వంగితే వంగాను.
అది గుంత తప్పిస్తే, గుంత కనబడకపోయినా, తప్పించాను.

టీ బంకు దగ్గర అది ఆగాక చూశాను:
లగేజీ ఆటో, పట్టుగూళ్ల గోతాలు,
మగవాళ్ల ఉన్నిటోపీ కింద మునెమ్మ.
"ఏమప్పా, నీ బండికి పడిశం పట్టుండాదా?
మిట్ట కాడల్లా తుమ్ముతాండాదే!"
కాలు తీసినప్పుడల్లా
మిగిలిన గాలిని ఉఫ్‌మని వదిలే వాల్వు సంగతి
ఆమెకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?
"అవునక్కా" అన్నాను.

శిడ్లఘట్ట మార్కెట్టుకి పోతోందట.
"ఈ చలికి పురుగు మేత ముట్టదు.
దానికి కుంపటి పెట్టి
మేము పంచలో పండుకుంటాము."
నవ్వి, నా చేతిలో ఒక గూడు పెట్టింది.
"పిల్లోళ్లకియ్యి."
నాకు పిల్లలు లేరని చెప్పలేదు.
గ్లాసు పెట్టుకునే గుంటలో వేసి మరిచిపోయాను.

తొమ్మిదో రోజు, హీటరు వెచ్చదనానికి కాబోలు,
గూడు కొస తడిసి, చిరిగి,
తెల్లటి చిలుక ఒకటి గేరు మీదికెక్కింది.
రెక్కలున్నాయి. కొట్టుకుంటోంది. లేవదు.

జబీఉల్లాకి చూపించాను. అతనిది రామనగర.
"ఎగరదు సార్. తినడానికి నోరూ లేదు.
ఎన్ని తరాల కిందో ఎవరో దీన్ని మాడిఫై చేశారు,
దారం ఎక్కువ రావాలని.
రెక్కలు మాత్రం స్టాకు. తీయడం మరిచారు."
బానెట్ మూసి చేతులు తుడుచుకున్నాడు.
బిల్లు వేయలేదు.

ఆ రాత్రి బేస్‌మెంట్‌లో బండి ఆపి
ఇంజను ఆర్పలేదు.
లోపల ఎర్రగా కాలిన చక్రం ఒకటి చల్లారుతోంది.
గేరు మీద, ఇంజను వణుకుకి వణుకుతూ,
రెక్కలు కొట్టుకుంటూనే ఉంది అది.

వాచ్‌మన్ అద్దం మీద వేలితో తట్టాడు.
"ఎవరికోసమైనా ఆగారా సార్?"

మూడో నిమిషం నడుస్తోంది.